నీరు పోసినను వాడు మొక్క

బేతంచెర్లకు సమీపమున బిల్లసర్గం గుహలు కలవు. 1880ల దశాబ్దములో భూగర్భశాస్త్రజ్ఞుడైన రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు అచ్చట త్రవ్వకములు జరిపి, ఏనాటి జంతువుల ఎముకలనో వెలికి తీసిరి. నేడు మేము శ్రోతలను అంతటి శ్రమకు పురికొల్పబోము. ఇంటి వసారాలోని పూలకుండీని ఒక్కమారు వంచి, మన్నుగడ్డను బయటకు జార్చి, వేళ్ళవంక చూడుడని మాత్రమే మా మనవి. కుండీమొక్కను ప్రేమతో పెంచువారు ఆకును చూతురు, మొగ్గను చూతురు, ఆకు వెనుకనున్న పేనును సైతము పట్టుకొందురు. వేరును చూచువారు అరుదు.

బేతంచెర్ల నాపరాళ్ళకు పేరుపొందిన ఊరు. చుట్టుప్రక్కల గనులలో తీసిన బండలు ఇచ్చటి యంత్రములపై కోయబడి, నునుపు చేయబడి, దూరప్రాంతముల యిండ్లకు నేలలగుచున్నవి. ఊరిలోని యిండ్ల సంగతి చెప్పనక్కరలేదు. వాకిలి, వసారా, మెట్లు, పెరడు, అంతయు బండపరుపే. కాలికి చల్లదనము, ఊడ్చుటకు సుఖము. మొక్కకు మాత్రము నిలువ చోటు చిక్కదు. అందువలన తులసియైనను, మల్లెయైనను, కరివేపాకైనను కుండీలోనో, పాత నూనెడబ్బాలోనో, బండముక్కలను నాలుగువైపుల నిలిపి సిమెంటుతో అతికిన తొట్టిలోనో బ్రదుకవలసినదే. పొలములోని మొక్క ఒకవైపు వేరు చెడినచో మరియొకవైపు వేరు చాచుకొనును. కుండీలోని మొక్కకు ప్రపంచమంతయు పదియంగుళముల మన్ను. అందులో పురుగు చేరినచో దానికి పోవు దిక్కు లేదు.

గడచిన ఏప్రిల్ నెలలో ఒక మిత్రుని యింటికి ఆ ఊరు వెళ్ళితిమి. నడిమి వాకిట బండల తొట్టిలో తులసి వాడియున్నది. ఆకులు పసుపుబారి, కొమ్మలు వ్రేలాడుచున్నవి. మిత్రుని తల్లిగారిని ఇంటిల్లిపాదియు అవ్వ యనియే పిలుతురు. ఆమె కోడలివంక చూచుచు, "మా అత్త కాలం నుంచి ఈ తొట్టిలో తులసమ్మ వాడింది లేదు నాయనా. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోయమంటి. అంతే చెప్పింది" అనెను. కోడలు తల వంచుకొని, "రెండు కాదత్తా, నాలుగు పోస్తాండా" అని మెల్లగా చెప్పెను. ఆ వీథికి నీళ్ళు ట్యాంకరుపై వచ్చుచున్న రోజులవి. బిందె బిందెకు లెక్క యున్న యింట ఆ నాలుగు చెంబులు ఎక్కడనుండి మిగిల్చినదో ఆమెకే తెలియవలెను.

తొట్టిలో వ్రేలు గ్రుచ్చి చూచితిమి. రెండవ కణుపువరకు తడియే. కోడలు చెప్పినది నిజము.

మొక్క వాడుటకు నీరు లేకపోవుట ఒక కారణము. నీరుండియు దానిని త్రాగు నోరు లేకపోవుట మరియొక కారణము. నీటిని పీల్చునవి లావుపాటి వేళ్ళు కావు. వాని కొనలయందున్న నూలుపోగులవంటి లేతవేళ్ళును, వానిపైనున్న సన్నని నూగును. పురుగు ముందుగా తాకునది ఆ భాగమునే. మొదట మొక్క మిట్టమధ్యాహ్నము వాడి, రాత్రి తేరుకొనును. కొన్నాళ్ళకు తేరుకొనుట మానును. మన కరవుసీమలో వాడిన ఆకును చూచిన వెంటనే చేయి చెంబుమీదికి పోవుట సహజము. అయితే అప్పటికే తడిగానున్న మన్నులో ఇంకను నీరు పోసినచో, మంటికణముల నడుమనున్న గాలి వెడలిపోవును. వేరునకును ఊపిరి కావలెను. గాలి యందక మిగిలిన వేళ్ళు కూడ మురుగును. పురుగు సగము చంపిన మొక్కను ఈ విధముగా మన దయ పూర్తిగా చంపును. మేము కూడ ఒక క్రోటను మొక్కను ఇట్లే సాగనంపినవారమే. అది పోయిన తరువాత గదా కుండీని బోర్లించి చూచితిమి!

పోయిన తరువాత చూచుటలో నొక చిక్కున్నది. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు ద్రాక్షతోటలు కారణము తెలియకుండ ఎండిపోసాగినవి. చచ్చిన తీగలను పెకలించి చూచినవారికి కుళ్ళిన వేళ్ళు తప్ప మరేమియు కానరాలేదు. 1868 జూలైలో ప్లాంషాన్ అను వృక్షశాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును, అప్పుడప్పుడే జబ్బుపడుచున్న తీగను త్రవ్వి చూడగా వేళ్ళనిండ పసుపుపచ్చని చిన్న పురుగులు కనబడినవి. ఫిలాక్సిరా యను ఆ వేరుపేను, చచ్చిన వేరును విడిచి ప్రక్కనున్న పచ్చితీగకు తరలిపోవుచుండెను. కాబట్టి శవమును శోధించిన లాభము లేకపోయెను. కుండీల విషయమున కూడ ఇదియే పద్ధతి. ఎండిన మొక్కను పారవేసి ఊరకుండక, దాని ప్రక్కకుండీలో కొంచెము నలతగానున్న మొక్కను తీసి చూడవలెను.

తీయుటకు పెద్ద నేర్పు అక్కరలేదు. ముందునాడు నీరు మానవలెను. మొక్క మొదలు రెండు వ్రేళ్ళ నడుమనుండునట్లు అరచేతిని మంటిపై నుంచి, కుండీని తలక్రిందుగా వంచి, అంచును మెల్లగా తట్టినచో మన్నుగడ్డ ముద్దవలె జారివచ్చును. కదల్చరాని తొట్టియైనచో ఒక మూలను గరిటెతో జానెడు లోతు త్రవ్వి, ఒక వేరును పైకి తీసిన చాలును. ఆరోగ్యవంతమైన లేతవేరు తెల్లగా బిగువుగా నుండును. చెడినది గోధుమరంగున మెత్తబడి, లాగినంతనే పైతోలు ఊడివచ్చును.

ఇచ్చట బేతంచెర్ల వారికి ప్రత్యేకముగా చెప్పవలసిన మాటయొకటి యున్నది. సున్నపురాతి నేలలోని నీరు కఠినమైనది. ఆ నీరు పోయగా పోయగా కుండీ అంచునను, మంటిపైనను తెల్లని పొరకట్టును. దానిని చూచి పురుగని భయపడువారు కలరు. నిజముగా పురుగున్నప్పుడు నీటిసున్నమని ఊరకుండువారును కలరు. రెంటిని వేరుపరచుటకు నిమ్మకాయ చాలును. ఆ తెలుపుపై రెండు చుక్కలు పిండినచో సున్నమైన బుసబుస పొంగును. పురుగైన పొంగదు, వ్రేలితో నులిమిన మైనమువలె జిడ్డుగా అంటుకొనును.

ఆ జిడ్డు తెల్లపురుగే వేరుపిండినల్లి. మందారపు కొమ్మలపై దూదివలె కనబడు పిండినల్లికి ఇది బంధువు. బియ్యపుగింజలో సగమైనను ఉండదు. కుండీగోడకును మన్నుగడ్డకును నడుమనున్న సందులో దీని కాపురము. గడ్డను బయటకు తీసినంతనే వేళ్ళపై పిండి చల్లినట్లుండును. వేరులో ముక్కు గ్రుచ్చి రసము పీల్చును. తీపిద్రవమును విసర్జించును. ఆ తీపికొరకు చీమలు దీనిని పశువులను కాచినట్లు కాచి, అవసరమైనచో ఒక వేరునుండి మరియొక వేరునకు మోసికొనిపోవును. అందుచేత కుండీ అడుగురంధ్రమునుండి చీమలబారు రాకపోకలు సాగించుచున్నచో, "మొక్కకు చీమలు పట్టినవి" అని చీమలమందు చల్లి ఊరకుండరాదు. అవి ఎవరి యింటికి పోవుచున్నవో చూడవలెను.

పిండినల్లి పట్టిన మొక్కకు చికిత్స ఓపికతో కూడినది. మన్నంతయు దులిపి, వేళ్ళను నీటిలో కడిగి, చెడిన వేళ్ళను కత్తిరించి వేయవలెను. తరువాత లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనెయు, అది నీటిలో కలియుటకు కొంచెము సబ్బుద్రావకమును చేర్చి, ఆ నీటిలో వేళ్ళను కొంతసేపు ముంచవలెను. క్రొత్తమంటిలో, క్రొత్తకుండీలో నాటి, నీడన ఉంచవలెను. పాతకుండీనే వాడదలచినచో మరగు నీటితో కడుగుట మేలు. వేళ్ళు తగ్గినవి గనుక ఆకులు కొన్ని తగ్గించుట న్యాయము. పదిదినములకొకమారు వేపనూనె నీటిని మంటిలో పోయుచు, నెలకు మరల ఒకసారి గడ్డను తీసి చూడవలెను. గ్రుడ్లు తప్పించుకొని యుండవచ్చును. నేతిగిన్నెను నీటిపళ్ళెములో నుంచినట్లు, కుండీని మూడు రాళ్ళపై నిలిపి, ఆ రాళ్ళను నీటిపళ్ళెములో నుంచినచో చీమలరాక కట్టుబడును. హవాయి దీవులలో అలంకారపు తాటిమొక్కలను కుండీలతో సహా 49 డిగ్రీల వేడినీటిలో ముంచి, గడ్డ నడుమ 46 డిగ్రీల వేడి చేరువరకు ఉంచి ఈ పురుగును నిర్మూలించిరి. ఉష్ణమాపకము లేకుండ ఇంటిలో ఆ ప్రయోగమునకు దిగవలదు. పురుగుతోపాటు మొక్కయు ఉడుకును.

నల్లని చిన్న యీగలు కుండీపై ఎగురుచున్నచో వాని పిల్లలు పైమంటిలో నుండును. మురుగుచున్న ఆకుతోపాటు లేతవేళ్ళను కూడ కొరుకును. బంగాళాదుంప ముక్కను మంటిపై రెండుదినములుంచి ఎత్తి చూచినచో దానిక్రింద చేరి కనబడును. పైమన్ను అంగుళము లోతు ఎండువరకు నీరు మానుటయే వీనికి మందు.

వేరుపురుగు సంగతి వేరు. వేరుసెనగ పండించు రాయలసీమ రైతునకు దానిని పరిచయము చేయనక్కరలేదు. తెల్లని దేహము, గోధుమరంగు తల, కొడవలివలె వంగిన ఆకారము. తొలకరి వాన పడిన సాయంకాలములందు పెంకుపురుగులు నేలనుండి లేచి వేపచెట్లపై వ్రాలి ఆకులు తినును. తెల్లవారులోపల మరల నేల దూరి, తడిమంటిలో గ్రుడ్లు పెట్టును. వేపచెట్టు క్రింద ఎల్లప్పుడు తడిగానుండు కుండీ ఆ పురుగునకు కనబడకపోదు. ఎర్రమంటితోడను, సరిగా మాగని పేడతోడను కూడ ఇది ఇల్లు చేరును. ఒక్క కుండీకి రెండు పురుగులున్నను చాలును, గులాబి వేళ్ళన్నియు బోడియగును. అయితే దీనిని పట్టుట సులభము. మన్నును బండపై పరచి ఏరివేయుటయే. ఎరువు దిబ్బలలో కనబడు బొటనవ్రేలంత లావు పురుగులు తరచుగా కొబ్బరిచెట్టు కొమ్ముపురుగు పిల్లలు. వాని ఆహారము మాగుచున్న పేడయే. వానపాము సరేసరి, నిరపరాధి. వీనినన్నిటిని ఒక్కగాటను కట్టి చంపువారిని చూచినపుడు మాకు విచారము కలుగును.

మిత్రుని యింటి తులసి వేరును పైకి తీయగా ఇవేవియు కనబడలేదు. వేరు పొడవున జొన్నగింజలు గ్రుచ్చినట్లు ముడులు, బుడిపెలు. ఇది వేరుబుడిపె నులిపురుగు పని. కంటికి ఆనని ఈ నులిపురుగు పిల్ల అర మిల్లీమీటరు పొడవైనను ఉండదు. వేరుకొన దాపున లోపలికి దూరి, ఒకచోట స్థిరపడి, చుట్టునున్న కణములను ఉబ్బించి తన మేతగా చేసికొనును. వేరునకు పోవలసిన సత్తువ బుడిపెకు పోవును; పైకి పోవలసిన నీరు అచ్చటనే అడ్డుపడును. ఆడుది వందలకొలది గ్రుడ్లు పెట్టును. వెచ్చని మంటిలో నెలకొక తరము పుట్టును. ఇంగ్లండులో బర్క్లీ యను శాస్త్రజ్ఞుడు 1855లో మొట్టమొదట దీనిని వర్ణించినది గాజుయింట పెంచిన దోసమొక్క వేళ్ళపైననే. అనగా ఈ శత్రువు మానవునికి తెలియవచ్చినది ఇంటిలోపలి మొక్కవలననే యన్నమాట. వంగ, టమాట, బెండ మొదలుగా రెండువేలకు పైబడిన మొక్కలపై ఈ జాతి బ్రదుకగలదు. తులసికుటుంబమన్న దానికి మిక్కిలి ప్రీతి.

వేరుసెనగ వేళ్ళపై బుడిపెలు చూచిన అలవాటు గలవారు దీనినికూడ మేలుచేయు బుడిపెలే యనుకొందురు. ఆ బుడిపె వేరుప్రక్కన అంటుకొని, గోటితో గీరిన ఊడివచ్చును. లోపల ఎర్రగా నుండును. ఇది వేరే ఉబ్బి ముడియైనది, ఊడదు.

కుండీ బుడిపె నులిపురుగునకు నిలయమైన తరువాత ఆ మొక్కకు నయముచేయు మందు లేదని నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. వేపపిండి వేసిన దాని వృద్ధి తగ్గును. బంతివేళ్ళలోని యొక పదార్థము దానికి విషము గనుక, ప్రక్కన బంతి పెంచుటయు కొంత ఉపయోగకరమే. అయినను వేరులోపల చేరినది అచ్చటనే యుండును. మిత్రుని యింటి తొట్టిలో తులసి ఎన్నిమార్లు పాతదై క్రొత్తది నాటబడినను, మన్ను మాత్రము అవ్వగారి అత్తగారి నాటిదే. ఏటేట ఒక మొక్క ఆ పురుగులకు విందుగా వడ్డింపబడుచు వచ్చినది. నీరు పోసిన కోడలి తప్పు ఇందులో లేశమైనను లేదు. ఈ మాట అవ్వ యెదుటనే చెప్పితిమి.

మిత్రుడు అప్పటికే అంగడినుండి గుళికలమందు తెప్పింపదలచియుండెను. వలదని వారించితిమి. ఒకప్పుడు వేరుపురుగనగానే బి.హెచ్.సి. పొడి చల్లుడని చెప్పు కాలముండెను. ఆ పొడి 1997లో మన దేశమున నిషేధింపబడినది. ఫోరేటు గుళికల అమ్మకము, వాడకము 2020 డిసెంబరు 31తో ఆగిపోవలెనని ప్రభుత్వము శాసించినది. ఎచ్చటనో మిగిలిన పొట్లమును తెచ్చి యిచ్చువారు ఇంకను ఉండవచ్చును. ఇట్టి మందులు వేరుద్వారా లోనికి పోయి ఆకులకెక్కును. అదియే వాని గొప్పతనమని చెప్పి అమ్ముదురు. తులసిదళము తీర్థములో పడును. పిల్లవానికి దగ్గు వచ్చినచో ఆ ఆకునే నలిపి రసము పోయుదురు. కరివేపాకు, పుదీన, కొత్తిమీరల మాట చెప్పవలెనా? పొలములో పైరునకు కొలతవేసి వాడవలసినదానిని నాలుగు గోడల నడుమ, పసిబిడ్డ ప్రాకు బండపైనున్న తొట్టిలో చల్లుట మహాపరాధము. నోటికి పోవు మొక్కకు ఇట్టి గుళిక ఒక్కటియు పనికిరాదు. వేరుపురుగునకు మెటారైజియమను పచ్చబూజు మందు వంటివి దొరకుచున్నవి. వానిని గురించి నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానము వారినిగాని, మండల వ్యవసాయాధికారినిగాని అడిగి తెలిసికొనవచ్చును.

బేతంచెర్లలో మందుకంటె గొప్ప సాధనమొకటి ఉచితముగా నున్నది. అది మే నెల యెండ. ఇజ్రాయెలు దేశమున కటాన్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు, తడినేలపై పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టాను పరచి, ఎండవేడిచే మంటిలోని తెగుళ్ళను చంపవచ్చునని 1976లో ప్రకటించిరి. పొలములో ఆ వేడి లోతునకు పోవుటకు నాలుగారు వారములు పట్టును. కుండీమన్ను కొద్దిపాటిది గనుక పని త్వరగా తీరును. మన్ను అరవై డిగ్రీల వేడిలో గంటసేపున్నను చాలునని చెప్పుదురు. డాబాపై కాలుమోపలేనంత కాగు నాపబండకంటె అనువైన పొయ్యి యెక్కడ దొరకును? మన్నును తడిపి, నాలుగంగుళముల మందమున బండపై పరచి, పైన పట్టా కప్పి, అంచులకు రాళ్ళు పెట్టి రెండుమూడు వారములు వదలవలెను. మన్ను తప్పక తడిగా నుండవలెను. పొడిమంటిలో నులిపురుగుల గ్రుడ్లు వేడిని ఓర్చుకొనును, తడివేడికి నిలువలేవు. నల్లపట్టాకంటె తెల్లని పారదర్శకపు పట్టా మేలు. నడుమనొకసారి మన్నును తిరుగవేసి మరల కప్పినచో ఇంకను మంచిది. అట్లు కాగిన మంటిలో మేలుచేయు సూక్ష్మజీవులు కూడ తగ్గియుండును గనుక, తరువాత బాగుగా మాగిన ఎరువును, కుండీకి గుప్పెడు వేపపిండిని కలిపి వారమురోజులు ఆరనిచ్చి నాటవలెను.

ఇంతయు చెప్పినను అవ్వ సమ్మతింపలేదు. "తులసమ్మను పెరికేస్తారా?" అనెను. ఆనాడు మంగళవారము కూడ. మేము వాదింపలేదు. వేరు నొక తెల్లని పళ్ళెములో నుంచి ఆమె చేతికిచ్చితిమి. ఆమె కండ్లద్దములు తెప్పించుకొని, బుడిపెలను వ్రేలితో తడవి, చాలసేపు చూచెను. తరువాత ఎండిన వెన్నులను తానే తుంపి, గింజలను కాగితపు పొట్లములో కట్టి దేవునిగూటిలో నుంచెను. మరునాటి ఉదయము దీపము పెట్టి నమస్కరించి, "ఇంక కానీండి" అనెను.

వేళ్ళను ఎండబెట్టి కాల్చివేసితిమి. పెంటలో వేసినచో ఎరువుతోపాటు మరల తిరిగివచ్చును. మన్ను డాబాపైకి చేరెను. తొట్టిని చూడగా అడుగురంధ్రము బండకు ఆనుకొని మూసికొనిపోయియున్నది. నీరు పోవు దారి లేదు. ఇది ఆ ఊరి తొట్లన్నిటిలో చూడదగిన లోపము. తొట్టిక్రింద నాలుగు మూలల అంగుళపు రాతిముక్కలు పెట్టించితిమి. తొట్టినుండి పారు నీరు మరియొక కుండీలోనికి పోకుండ వాలు మార్చవలసివచ్చినది, ఏలయన నులిపురుగు నీటివెంట ప్రయాణము చేయును. అదే కారణముచే ఒక కుండీలో వాడిన గరిటెను కడుగక మరియొక కుండీలో పెట్టరాదు. కడియము తోటలనుండి లారీలలో వచ్చు మొక్కలు కొనినపుడు కూడ, వేరుగడ్డను చూచి, నెలదినములు తక్కిన కుండీలకు దూరముగా నుంచుట మంచిది. మొక్క అమ్మువాడు గడ్డ విప్పనీయడనుకొనుడు. ఇంటికి తెచ్చినపిమ్మట విప్పుటకు ఎవరి అడ్డును లేదుగదా.

తొలకరికి గింజలు చల్లిరి. కార్తికమున క్షీరాబ్ది ద్వాదశికి మిత్రుడు పిలువగా మరల వెళ్ళితిమి. తులసి మోకాలెత్తు పెరిగియున్నది. పూటకు ఒక చెంబైనను పట్టుటలేదని కోడలు చెప్పినది. అవ్వ మమ్ము పెరటిలోనికి తీసికొనిపోయి, అచ్చటి మల్లెకుండీని చూపి, "దీన్ని కూడా తిప్పి చూడు నాయనా, పొద్దున ఆకు కొంచెం వాడినట్టుండె" అనెను. తిప్పి చూచితిమి. వేళ్ళు తెల్లగా నున్నవి. మన్ను ఎండియున్నది. కోడలు చెంబుతో నీరు తెచ్చి పోసెను.